బ్రెనాక్ రాజ్యానికి దొంగ కావలెను

బ్రెనాక్ రాజ్య జనాభా మూడువందల పన్నెండు. అందులో మూడువందల పదకొండు మంది పోలీసులు. మిగిలిన ఒక్కరూ రాజుగారు.

ఈ రాజ్యం ఏ పటంలోనూ కనపడదు. ఫోనులో ఒక చాటింగు గ్రూపుగా కనపడుతుంది. నాలుగేళ్ల కిందట ఎక్కడో ఇంజనీరింగు హాస్టల్లో ఏడుగురు విద్యార్థులు, సరిగ్గా పరీక్షలకి చదువుకోవాల్సిన నెలలో, పాతకాలపు కెల్టు జాతుల గురించి ఏదో చదివి ముచ్చటపడి దీన్ని కట్టారు. యూరపుకి పడమటి కొసన పొగమంచు కొండలు, గొర్రెల మందలు, నిలువురాళ్ల వలయం, హార్పు అనే తీగల వాయిద్యం వాయిస్తూ పాడే కవులు. చేరినవాళ్లు తలా ఒక కెల్టు పేరు పెట్టుకుని ఆ పేరుతోనే మాట్లాడాలి, ఆ పేరుతోనే బతకాలి. అసలు పేరు బయటపెట్టకూడదు. చట్టం ఒక్కటే. రెండు నక్షత్రం గుర్తుల మధ్య ఏది రాస్తే అది జరిగినట్టు. రాయనిది జరగనట్టు. *రాజు గుర్రమెక్కాడు* అంటే ఎక్కినట్టే. దిగాడని రాయడం మర్చిపోతే ఇక పాపం ఆయన గుర్రం మీదే భోంచేసి గుర్రం మీదే పడుకోవాలి. ఒకసారి పదకొండు రోజులు అలాగే ఉన్నారు కూడా.

విద్యార్థులకి ఉద్యోగాలొచ్చాయి. వెళ్తూ వెళ్తూ రాజ్యం తాళాలు రోజూ తప్పకుండా వచ్చే ఏకైక సభ్యుడి చేతిలో పెట్టారు. ఆయన ఒక తాలూకాఫీసులో ముప్ఫై ఆరేళ్లు చేసి రిటైరైన హెడ్‌గుమస్తా. ఐదో ఫియర్గస్ అనే పేరుతో సింహాసనమెక్కాడు. మొదటి నలుగురు ఫియర్గస్‌లు ఎవరో ఆయనకీ తెలియదు. పొద్దున్నే తనతో వాకింగు చేసేవాళ్లని రాజ్యంలోకి పిలిచాడు. వాళ్లు వాళ్ల స్నేహితుల్ని పిలిచారు. అందరూ ఏదో ఒక ఆఫీసులో పనిచేసినవాళ్లో, చేస్తున్నవాళ్లో. లోకంలో ఏ పనైనా నడపడానికి వాళ్లకి తెలిసిన పద్ధతి ఒక్కటే. మూడు నెలలు తిరక్కుండా పొగమంచు కొండల మధ్య ఇన్‌వార్డు సెక్షనూ, అవుట్‌వార్డు సెక్షనూ వెలిశాయి. కవులు పాట పాడాలంటే పాటని ముందుగా ఫైలులో పెట్టి పైకి పంపాలన్నారు. గొర్రెల కాపరులు మందల్ని ప్రతి నెలా అయిదో తారీకులోగా తనిఖీ చేయించుకోవాలన్నారు. దాంతో కవులూ కాపరులూ విసుగెత్తిపోయి, యూనిఫారమూ ఈలా ఉన్న ఒకే ఒక్క కొలువు కాబట్టి, పోలీసుల్లో చేరిపోయారు.

అలా ఏడాది గడిచింది. వార్షిక సమీక్షలో రాజుగారు కళ్లజోడు సర్దుకుని అడిగారు. "ఈ సంవత్సరం నమోదైన నేరాలు సున్నా అని ఉంది. మరి ఇంత మంది పోలీసులు ఎందుకు అవసరమో సవివరంగా తెలియజేయగలరు."

పోలీసు కమిషనరు సర్ లాక్లన్‌కి గుండెల్లో రాయి పడింది. వెంటనే ఒక కమిటీ వేశాడు. కమిటీ నలభై పేజీల నివేదిక ఇచ్చింది. నేరాలు జరగకపోవడం పోలీసుల వైఫల్యం కాదనీ, రాజ్యంలో దొంగ అనేవాడు లేకపోవడమే ఇందుకు మూలకారణమనీ, ఈ లోటును భర్తీ చేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిదేననీ అందులో తేల్చారు. మర్నాడే నోటిఫికేషను వెలువడింది.

"విషయము:- పోలీసు శాఖ – దొంగ – ఒక పోస్టు మంజూరు – అర్హులైన అభ్యర్థులచే భర్తీ చేయుట – గురించి."

సరిగ్గా ఆ వారమే బోనెల తవిటినాయుడు బ్రెనాక్‌లో అడుగుపెట్టాడు.

తవిటినాయుడిది విజయనగరం నుంచి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఒక మండల కేంద్రం. మండలాఫీసు ఎదురుగా జెరాక్సు, లామినేషను, ఆన్‌లైను దరఖాస్తుల కొట్టు. వయసు నలభై ఆరు. ఇరవై రెండో ఏట పోలీసు సెలక్షన్లకి వెళ్లాడు. పరుగులో మొదటివాడు, లాంగ్‌జంపులో రెండోవాడు. ఎత్తు దగ్గర నూట అరవై ఏడు పాయింటు ఒకటి తేలాడు. కావలసింది నూట అరవై ఏడు పాయింటు ఆరు. అర సెంటీమీటరు తక్కువ. కొలిచినాయన జాలిపడి రెండోసారి కూడా కొలిచాడు. జాలికి ఎత్తు పెరగలేదు.

ఇరవై నాలుగేళ్లయింది. ఇప్పటికీ పోలీసు నోటిఫికేషను పడితే చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా అతని కొట్టు ముందే బారులు తీరుతారు. ఒక్కొక్కరి ఎత్తూ తన చేత్తోనే టైపు చేస్తాడు. నూట డెబ్భై. నూట డెబ్భై మూడు. నూట డెబ్భై ఆరున్నర. లోపల కలుక్కుమంటుంది. పైకి మాత్రం "ఫొటో ఉన్నాదా బాబూ?" అంటాడు. ఆనాడు కొలిచిన మనిషి మీద అతనికి ఏ కోపమూ లేదు. కోపమంతా ఆ కొలిచే కర్ర మీదే.

ఒకరోజు ఎవరో ప్రింటుకి పంపిన కాగితాల్లో పొరపాటున బ్రెనాక్ పోలీసు శాఖ నియామకాల కాగితం కూడా వచ్చింది. ఎవరు పంపారో ఆ హడావుడిలో చూసుకోలేదు. చదివాడు. వయోపరిమితి లేదు. కనీస ఎత్తు నూట అరవై ఏడు పాయింటు ఆరు అని ఉంది. రిటైరైన పెద్దలు అసలు నోటిఫికేషనుని అక్షరం పొల్లుపోకుండా దించేశారన్నమాట. అయితే కొలిచే పద్ధతి వేరు. నిలువురాళ్ల వలయం పక్కన పాతిన వెండిపొన్ను కర్ర ఒకటి ఉంది. అభ్యర్థి దాని పక్కన నిలబడినట్టు తానే రాసుకోవాలి.

తవిటినాయుడు కొట్టు షట్టరు సగం దించాడు. కొనాల్ అని పేరు పెట్టుకున్నాడు. రాశాడు. *కొనాల్ కర్ర పక్కన నిలబడ్డాడు. ఆరున్నర అడుగులు. కర్ర అతని చెవి దగ్గరే ఆగిపోయింది.*

రాసి, ఆ వాక్యాన్ని చాలాసేపు చూసుకున్నాడు. ఇంత సుఖమైన వాక్యం అతను జన్మలో టైపు చేయలేదు.

సాయంత్రానికి జవాబు వచ్చింది. "కానిస్టేబులు పోస్టులన్నియు భర్తీ అయి ఉన్నవి. ప్రస్తుతము దొంగ పోస్టు మాత్రమే ఖాళీగా కలదు. సమ్మతమైనచో తెలియజేయవలెను." కింద షరతులు పదకొండు. దొంగగా చేరగోరు వ్యక్తికి ఎటువంటి నేరచరిత్ర ఉండరాదు. సత్ప్రవర్తన ధ్రువపత్రం జతపరచాలి. ప్రతి దొంగతనానికీ మూడు రోజుల ముందు నిర్ణీత నమూనాలో అనుమతి కోరాలి. ఇవన్నీ చదివి తవిటినాయుడు ఫోను పక్కన పెట్టేసేవాడే. కానీ ఏడో షరతు దగ్గర అతని చూపు ఆగిపోయింది. "పట్టుబడి, విచారణ జరిగి, శిక్ష పూర్తి చేసుకున్న వ్యక్తి పునరావాసము కింద కానిస్టేబులుగా తీసుకొనబడును."

ఒక్కసారి పట్టుబడితే చాలు. మూడువందల పదకొండు మంది పోలీసులున్న ఊళ్లో పట్టుబడ్డం ఎంతసేపు? తవిటినాయుడు సమ్మతి రాసి పంపేశాడు.

మర్నాడు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన భార్య పైడమ్మకి సంగతంతా చెప్పాడు. ఆమె గిన్నెలు విప్పుతూ మొత్తం విన్నది.

"అయితే పోలీసునవుతానని ఎల్లి దొంగవయి వచ్చినావన్నమాట."

"నాలుగు రోజులేనే. పట్టుకోగానే పోలీసునైపోతాను."

"ఎవులు పట్టుకుంటారు?"

"పోలీసులు."

"మరి ఆలకి నువ్వు దొంగవని తెల్సు కదా. ఇప్పుడే పట్టుకోమను. అన్నం సల్లారిపోకముందే అయిపోద్ది."

తవిటినాయుడు నవ్వాడు. ఆడవాళ్లకి శాఖాపరమైన విషయాలు తెలియవని ఆ రోజు అతని అభిప్రాయం. తర్వాత ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది.

మొదటి దొంగతనానికి రాజుగారి హార్పుని ఎంచుకున్నాడు. అనుమతి వచ్చింది. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు గంటల వరకు, భోజన విరామంలో. కొట్టులో జనం లేని వేళ చూసి రాశాడు. *కొనాల్ కోట గోడ దూకాడు.*

గోడ దగ్గరున్న కాపలావాడు వెంటనే రాశాడు. *ఆంగస్ అనుమతి పత్రము చూశాడు. సక్రమముగా ఉన్నది. సెల్యూటు చేశాడు.*

*కొనాల్ హార్పుని భుజానికెత్తుకున్నాడు.*

*హార్పు పెద్దది కావున ఇద్దరు కానిస్టేబుళ్లు తలుపు తీసి పట్టుకున్నారు.*

తవిటినాయుడు పారిపోలేదు. నేరుగా పోలీసు స్టేషను మెట్లమీదికి వెళ్లి, హార్పుతో సహా నిలబడ్డాడు. ఇంతకంటే దొంగ పోలీసులకి ఏం సాయం చేయగలడు?

సర్ లాక్లన్ బయటికి వచ్చాడు. *కమిషనరు హార్పును చూచియు చూడనట్లు గడ్డము నిమురుకొన్నాడు.* తర్వాత మెల్లగా అన్నాడు. "ఫిర్యాదు అందనిదే నేరము జరిగినట్లు కాదు. నేరము జరుగనిదే దొంగ ఉండడు. తమరు తొందరపడి పట్టుబడరాదు. అది మా విధులకు ఆటంకము కలిగించినట్లవుతుంది."

ఫిర్యాదు ఇవ్వాల్సింది రాజుగారు. రాజుగారు ఆ వారం మళ్లీ గుర్రం దిగడం మర్చిపోయారు. గుర్రం మీద కూర్చుని సంతకం చేస్తే చెల్లదని న్యాయ విభాగం అభిప్రాయం చెప్పింది. నాలుగు రోజులు పోయాక దిగారు, సంతకం పెట్టారు, కేసు నమోదైంది. ఆ నాలుగు రోజులూ కొనాల్ హార్పు భుజాన మోస్తూ స్టేషను మెట్లమీదే ఉన్నాడు. దాహంగా ఉందంటే కానిస్టేబుళ్లే నీళ్లిచ్చారు.

ఇక దర్యాప్తు మొదలైంది. దొంగ ఎటు వెళ్లి ఉంటాడో కనిపెట్టడానికి పద్నాలుగు ప్రత్యేక బృందాలు వేశారు. గోడ బృందం, తలుపు బృందం, పొగమంచు బృందం. పొగమంచు బృందం కొండల్లోకి వెళ్లి, ఏమీ కనపడుట లేదని రోజూ నివేదిక పంపింది. ఆ నివేదికలోని నిజాయితీకి మెచ్చి ఆ బృందంలో అందరికీ ప్రమోషన్లు ఇచ్చారు. అది చూసి మిగతా పదమూడు బృందాలూ తమకూ ఏమీ కనపడలేదని రాశాయి. వాళ్లకీ ఇచ్చారు. రెండు నెలలు తిరిగేసరికి బ్రెనాక్‌లో కానిస్టేబులు అనేవాడే లేడు. అందరూ ఇన్‌స్పెక్టర్లే. ఈల ఊదేవాడు లేక ఈలలన్నీ స్టోరులో పెట్టి సీలు వేశారు.

తవిటినాయుడు లెక్క వేసుకున్నాడు. ఒకప్పుడు ఒక్క కానిస్టేబులు పోస్టూ ఖాళీ లేదు. ఇప్పుడు మూడువందల పైచిలుకు ఖాళీ. ఇక తను పట్టుబడ్డమే తరువాయి.

పట్టుబడ్డానికి ఒక మనిషి చేయగలిగిందంతా చేశాడు. రాజుగారి కిరీటం ఎత్తుకెళ్లినప్పుడు ఆ చోట తన పేరూ, తను దాక్కున్న గుహకి దారీ రాసి పెట్టాడు. ఆధారాల విభాగం వారం రోజులు పరిశీలించి, ఇంత స్పష్టమైన ఆధారము శాఖను పక్కదారి పట్టించుటకే ఉద్దేశింపబడినదని తేల్చింది. గుహ వైపు ఎవరూ వెళ్లకూడదని ఉత్తర్వు వచ్చింది. గుర్తింపు పరేడు పెట్టమని ప్రాధేయపడ్డాడు. పెట్టారు. దొంగ పక్కన అదే ఎత్తున్న మరో ఆరుగురు నిలబడాలని నియమం. ఆరున్నర అడుగుల వాళ్లు ఆరుగురు దొరకలేదు. పరేడు వాయిదా పడింది. ఆ రోజు మొదటిసారి తవిటినాయుడికి తను రాసుకున్న ఎత్తు మీద చిన్న అనుమానం కలిగింది. కానీ ఆ చెవి దగ్గర ఆగిపోయిన కర్రని వదులుకోవడానికి మనసొప్పలేదు.

చివరికి కమిషనరుకి వినతిపత్రం పెట్టుకున్నాడు. దయచేసి తనను పట్టుకోవలసిందిగా. సర్ లాక్లన్ అతన్ని తన గదికి పిలిపించి, తలుపులు మూయించి, చాలా ఆప్యాయంగా మాట్లాడాడు.

"కొనాల్‌గారూ, తమరి వృత్తి ధర్మము పట్ల శాఖకు ఎనలేని గౌరవము కలదు. కానీ ఒక్కసారి ఆలోచించగలరు. రేపు తమరు పట్టుబడినచో ఎల్లుండి మేము చేయవలసినదేమి? సమీక్షలో మరల సున్నా వచ్చును. ఇందరము ఇన్‌స్పెక్టర్లము. మా గతి ఏమి? తమరొక్కరి స్వార్థము కొరకు ఒక శాఖ మొత్తము రోడ్డున పడుట న్యాయమా?"

తవిటినాయుడు ఒక్క క్షణం తను నిజంగానే స్వార్థపరుణ్ణేమోనని సిగ్గుపడ్డాడు కూడా. తర్వాత ఒళ్లు మండింది. మర్నాటి నుంచి దొంగతనాలు మానేశాడు.

పదో రోజున మెమో వచ్చింది. "తమరు గత పది దినములుగా ఎట్టి దొంగతనమునకు పాల్పడక, విధుల పట్ల తీవ్ర నిర్లక్ష్యము వహించినట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. తమరిపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

పైడమ్మ ఆ మెమో మొత్తం చదివించుకుని, పప్పు వడ్డిస్తూ అంది. "దొంగతనం సెయ్యకపోతే తప్పా ఏటి? ఈ రాజ్జెం నాకు నచ్చలేదు. వచ్చీ."

"ఇప్పుడు వచ్చేస్తే ఇన్నాళ్లూ చేసిందంతా బూడిదలో పోసినట్టే."

"పోస్తే పోయింది. నీకు ఆ టోపీ మీద ఇంకా మోజు పోలేదు, అదీ అసలు సంగతి."

అతను గ్లాసు అందుకున్నాడు. నిజమే మరి. పెళ్లయిన కొత్తలో, పోలీసు అయ్యుంటే ఎలా ఉండేవాడో అని అద్దం ముందు నిలబడి సెల్యూటు చేసుకుంటుంటే ఆమె చూసేసింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తి ఎగతాళి చేయలేదు.

సంజాయిషీ ఇచ్చాడు. మళ్లీ దొంగతనాలు మొదలుపెట్టాడు. రాజ్య స్థాపన దినోత్సవాన ఉత్తమ సేవలకి గాను అతనికి శాలువా కప్పి ప్రశంసాపత్రం ఇచ్చారు. "ఎవరికీ దొరకని నిబద్ధత" అని అందులో రాశారు. ఇచ్చింది సర్ లాక్లన్. వేదిక వెనకాల గోడ మీద, పట్టి ఇచ్చినవారికి సన్మానమని కొనాల్ బొమ్మతో పెద్ద ప్రకటన వేలాడుతూనే ఉంది. కొనాల్ దాని కిందే నిలబడి ఫొటో దిగాడు.

ఇలా ఉండగా ఒక శుక్రవారం మధ్యాహ్నం, అనుమతి తీసుకున్న వేళకి, తవిటినాయుడు కొట్టులో కూర్చుని రాజుగారి గుర్రాన్ని దొంగిలిస్తున్నాడు. గుర్రం మీద రాజుగారు ఉన్నారా లేరా అనే విషయంపై చర్చ జరుగుతోంది. అది తేలి, గుర్రం కొండ దాటేసరికి ముప్పావుగంట పట్టింది. తల ఎత్తి చూస్తే కొట్టు ముందు పెట్టిన మోపెడ్ లేదు.

అది పద్నాలుగేళ్ల నాటి బండి. ఎర్రరంగు వెలిసిపోయి ఇటుక రంగుకి వచ్చింది. ఎన్నో దరఖాస్తులు మోసింది, పైడమ్మని ఆసుపత్రికి మోసింది. తవిటినాయుడు రోడ్డు అటూ ఇటూ పరిగెత్తి, చెమటలు కక్కుకుంటూ పోలీసు స్టేషనుకి వెళ్లాడు.

లోపల హెడ్‌కానిస్టేబులు అప్పలస్వామి ఒక్కడే ఉన్నాడు. భారీ మనిషి, తెల్లబడిన మీసం. ఫోనులోకి వంగి రెండు బొటనవేళ్లతో గబగబా కొడుతున్నాడు.

"అయ్యా, నా మోపెడ్ ఎవులో ఎత్తుకుపోనారండి."

"కూకోవయ్యా. బండెక్కడికి పోద్ది. పెద్ద దొంగ ఎనకాల ఉన్నాం ఇక్కడ. ఇప్పుడే గుర్రం పట్టుకుపోనాడు."

తవిటినాయుడు బెంచీ మీద కూర్చోబోయి ఆగిపోయాడు. బల్లమీదికి వంగి చూశాడు. ఫోనులో పొగమంచు కొండలు. పైన పేరు. సర్ లాక్లన్.

అతనికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. తన కొట్టుకి ప్రింట్లు పంపేది ఈ స్టేషనే. ఆనాటి బ్రెనాక్ నియామకాల కాగితం ఎవరిదో ఇప్పుడు తెలిసింది. ఏళ్లుగా ఎదురుచూసిన క్షణం ఇది. ఎదురుగా అసలైన పోలీసు, అసలైన టోపీ, గోడకి అసలైన బేడీలు. చొక్కా సర్దుకున్నాడు, మడమలు కలిపాడు, రెండు చేతులూ ముందుకి చాపాడు.

"నేనేనండి ఆ దొంగని. కొనాల్ని. పట్టుకోండి."

అప్పలస్వామి ఫోను దించి, అతన్ని కాలి నుంచి తల దాకా చూశాడు. తల చాలా తొందరగానే వచ్చేసింది.

"నువ్వా?"

"నేనే. హార్పు నేనే తీసినాను. కిరీటం నేనే తీసినాను. ఇప్పుడు గుర్రం నా దగ్గరే ఉన్నాది."

"సాల్లేవయ్యా. మా దొంగ ఆరున్నర అడుగుల మనిషి. తలుపులోంచి వంగి రావాల. ఇలగ రా."

గోడ మీద పట్టుబడ్డవాళ్లని కొలవడానికి గీతలు గీసిన పట్టీ ఉంది. అప్పలస్వామి అతన్ని దానికి ఆనించి, నెత్తిమీద అట్ట పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. "నూట అరవై ఏడు పాయింటు ఒకటి. దొంగక్కూడా ఓ ఎత్తుండాల బాబూ. నీకు సాల్దు. ఎల్లు, బండి సంగతి రేపు సూద్దాం."

తవిటినాయుడు నడిచి ఇంటికి వచ్చాడు. బండి లేదు కదా.

సాయంత్రం బ్రెనాక్‌లో ఈలల సీలు విప్పారు. సర్ లాక్లన్ ప్రకటన పెట్టాడు. "ఈ దినము మధ్యాహ్నము ఒక పొట్టి వ్యక్తి తానే దొంగనని బొంకుచు శాఖను మోసగించ యత్నించగా, చాకచక్యముతో ఎత్తు కొలిచి, నకిలీ దొంగగా గుర్తించి, పట్టుకొనడమైనది." రాజ్యస్థాపన తర్వాత మొదటి అరెస్టు. అభినందనలు వెల్లువెత్తాయి. ముద్దాయి హాజరు కాకపోయినా విచారణ ఆగలేదు. ప్రభుత్వ దొంగగా చలామణీ అగుటకు యత్నించిన నేరానికి, నిలువురాళ్లకి కట్టి మూడు రోజులు నిలబెట్టాలని రాజుగారు తీర్పు చెప్పారు. ముద్దాయి లేడు కాబట్టి అతను నిలబడినట్టు ఇన్‌స్పెక్టర్లే వంతులవారీగా రాశారు. మూడో రోజు *నకిలీ దొంగ కృతజ్ఞతతో కన్నీరు కార్చెను* అని కూడా రాశారు.

అదే రోజున తవిటినాయుడి మోపెడ్ సంత వెనకాల దొరికింది. పెట్రోలు అయిపోతే ఎత్తుకెళ్లినవాడే వదిలేసి పోయాడు. బండి తోసుకొస్తూ తవిటినాయుడు ఏడో షరతుని తలుచుకున్నాడు. పట్టుబడి, విచారణ జరిగి, శిక్ష పూర్తి చేసుకున్న వ్యక్తి. దొంగే అయ్యుండాలని అందులో ఎక్కడా లేదు.

కొట్టుకి వచ్చి దరఖాస్తు రాశాడు. ఈసారి అబద్ధం ఒక్కటీ లేదు. మొన్న పట్టుబడిన నకిలీ దొంగను తానేననీ, రుజువుగా తన ఎత్తు నూట అరవై ఏడు పాయింటు ఒకటి అనీ, దయతో కానిస్టేబులుగా తీసుకోవలసిందనీ. పంపించి, దేవుడి పటం ముందు ఊదొత్తి వెలిగించాడు. పైడమ్మ చూసింది. తనూ ఒకటి వెలిగించింది.

రెండో రోజు మధ్యాహ్నం ఆమె క్యారేజీ విప్పుతుండగా జవాబు వచ్చింది. తవిటినాయుడు పైకే చదివాడు.

"పరిశీలించడమైనది. కమిషనరు స్వయముగా నమోదు చేసిన ఎత్తుతో సరిపోయినందున, పట్టుబడిన వ్యక్తి తమరేనని నిర్ధారణ అయినది. ఏడవ షరతు ప్రకారము తమరు సంపూర్ణముగా అర్హులు. అయితే కానిస్టేబులు పోస్టునకు కనీస ఎత్తు 167.6 సెం.మీ. కాగా, తమరి ఎత్తు అర సెంటీమీటరు తక్కువైనందున దరఖాస్తు తిరస్కరించడమైనది. భవిష్యత్తులో దొంగ పోస్టు ఖాళీ అయినచో తమరి పేరు పరిశీలించబడును."

ఇరవై నాలుగేళ్ల కిందటి మైదానం, చెప్పులు లేని కాళ్లు, జాలిపడిన మొహం అన్నీ తవిటినాయుడి కళ్లముందుకి వచ్చేశాయి. పైడమ్మ గరిటె పక్కన పెట్టి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ కర్ర తగలెయ్య," అంది.

తవిటినాయుడు తల ఎత్తి ఆమె వైపు చూశాడు. తర్వాత మెల్లగా ఫోను దగ్గరికి జరుపుకున్నాడు. నమూనా నింపలేదు. మూడు రోజుల ముందు చెప్పలేదు. అనుమతి అడగలేదు.

*కొనాల్ నిలువురాళ్ల వలయానికి వెళ్లాడు. ఎత్తు కొలిచే కర్రని పీకాడు. ఎత్తుకుపోయాడు.*

బ్రెనాక్ చరిత్రలో అనుమతి లేకుండా జరిగిన మొట్టమొదటి దొంగతనం అది. తర్వాత ఫోను గిలగిల్లాడిపోయింది. మూడువందల పదకొండు మంది ఒక్కసారిగా ఈలలు ఊదారు. సర్ లాక్లన్ నక్షత్రం గుర్తులు కూడా పెట్టకుండా, "ఇది అన్యాయమయ్యా, నిజంగా తీసుకుపోనావేటి?" అని రాశాడు. పద్నాలుగు బృందాలూ కొండల మీద పడ్డాయి. గుహ వెతికారు, చెరువు వెతికారు, రాజుగారిని కొత్త గుర్రం దింపి జీను కింద కూడా వెతికారు.

తవిటినాయుడు ఫోను బోర్లా పెట్టి, అన్నంలో పులుసు కలుపుకున్నాడు. చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా ఉంది.

కర్రని ఎక్కడ దాచాడో అతను రాయలేదు. రాయనిది జరగనట్టే కాబట్టి, వాళ్లకి వెతకడానికి చోటే లేదు. కొలవడానికి కర్ర లేక బ్రెనాక్‌లో కానిస్టేబుళ్ల నియామకం ఇప్పటికీ ఆగిపోయే ఉంది.